ఆదివారం సెలవు తీసుకునే వైరస్

ఆ ఫోల్డరు ఎన్నాళ్ళుగా అక్కడ ఉందోగాని, చిట్టి కంట పడింది మాత్రం బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకి. రెండువందల నలభై బడికోట్ల జేబుల మీద కుట్టాల్సిన చిహ్నం కోసం ఆమె కంప్యూటర్లో వెతుకుతోంది. కోట్లు శుక్రవారానికి ఇవ్వాలి. ఎప్పుడూ వెళ్ళని ఒక మూల, పాత డిజైన్లన్నీ దాటాక, పసుపు రంగు ఫోల్డరు ఒకటి ఒంటరిగా కనిపించింది. దాని పేరు చదవబోతే నోరు తిరగలేదు. ఎ, ఎస్, ఎ, ఎస్, డి, ఎ, ఎస్. అంతే. అది ఏ భాషలోనూ మాట కాదు.

చిట్టికి ముప్ఫై నాలుగేళ్ళు. చిన్నప్పుడు ఇంట్లో పెట్టిన ముద్దుపేరు ఆమెతోపాటే షాపులోకి కూడా నడిచి వచ్చేసింది. కుట్టుషాపు వాళ్ళ వదినది. ముందుగదిలో అద్దం, కొలతలు తీసుకునే చోటు. మధ్యగదిలో పొడుగాటి కత్తిరింపు బల్ల, రెండు కుట్టుమిషన్లు. వెనకగదిలో ఆరుసూదుల ఎంబ్రాయిడరీ మిషను, దాని పక్కన కంప్యూటరు. ఈ వెనకగది చిట్టి రాజ్యం. చిట్టి అన్నయ్య బడిపంతులు. కుట్టుపనికీ ఆయనకీ ఉన్న సంబంధం ఊడిన గుండీల వరకే.

చిట్టి ఫోల్డరు మీద ఒక్కసారి నొక్కి లోపలికి చూసింది. నలభై ఒక్క ఫైళ్ళు. ఏదీ తను చేసింది కాదు. పేర్లన్నీ ఆ బాపతే. ప్రతిదాని చివరా చుక్క పెట్టి ఇ, ఎక్స్, పి అని ఉంది. ఆమె చెయ్యి మౌస్ మీంచి, పాముని చూసినట్టు వెనక్కి వచ్చేసింది. ముందు ఇంటర్నెట్ తీగ పీకేసింది. ఆ తర్వాతే వదినని పిలిచింది.

ఆ భయానికి కారణం ఉంది. కిందటేడు వదిన, ఆర్డరు వివరాలని వచ్చిన ఒక మెయిల్ తెరిచింది. పావుగంటలో తెరంతా ఎర్రక్షరాలు నిండాయి. ఆరేళ్ళ డిజైన్లు ఒక్కటి మిగలకుండా తాళాలు పడిపోయాయి. పూలు, తీగలు, బళ్ళ చిహ్నాలు, క్రికెట్ జట్ల పులులు, అన్నీ మళ్ళీ మొదటినుంచి గీసుకోవడానికి చిట్టికి రెండు నెలలు పట్టింది. అప్పటినుంచీ కంప్యూటర్ని చిట్టి తప్ప ఎవరూ తాకకూడదని వదిన శాసనం చేసింది. శాసనానికి తనే మొదట కట్టుబడతానని కూడా అంది. తెర మీద ఒక కాగితం అతికించి, దాని మీద లావుపాటి అక్షరాలతో రాసింది కూడా.

ఇప్పుడు వదిన తెర ముందు నిలబడి, చీరిన గుడ్డని చూసినట్టు చూసింది.

"కిందటిసారి వచ్చింది ఇ-ఎక్స్-ఇ కదా. ఇది దాని తమ్ముడై ఉంటుంది," అంది.

చిట్టి తొందరపడొద్దంది. వదిన అప్పటికే ఫోను తీసింది. ఆ వీధిలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని అందరూ డాక్టరనే అంటారు. చేతిలో చిన్న నల్లసంచీ ఉంటుంది, ఏ కంప్యూటర్ని చూసినా మొదట పరిస్థితి విషమంగా ఉందంటాడు. ఎలాంటి జబ్బుకైనా ఆయన దగ్గర ఒకటే మందు, ఉన్నదంతా తుడిచిపెట్టి ఫార్మాట్ కొట్టడం. ఫోన్లోనే రోగం తేల్చేసి, నాలుగు గంటలకి వస్తానని చెప్పాడు.

ఫార్మాట్ అనగానే చిట్టి వేళ్ళ మీద లెక్కవేసింది. డిజైన్ల కాపీలు వేరే డిస్కులో పెట్టుకోవడం అలవాటు చేసుకున్నారుగాని, ఆఖరుసారి పెట్టి మూడు వారాలైంది. తుడిచేస్తే మూడువారాల పని, బడి చిహ్నంతో సహా, గంగలో కలిసినట్టే. పోనీ ఇప్పుడు కాపీ చేద్దామంటే, దాంతోపాటు జబ్బు కూడా డిస్కులోకి ఎక్కుతుందని వదిన వద్దంది. చివరికి ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. నాలుగయ్యేదాకా కంప్యూటరు చిట్టిది. ఈలోపు అది వైరస్ కాదని తేల్చగలిగితే సరే, లేకపోతే డాక్టరుది.

ఈ మాటలన్నీ మధ్యగదిలోకి వినిపిస్తూనే ఉన్నాయి. కత్తిరింపు బల్ల దగ్గర మాస్టారున్నారు. షాపులో చేరి మూడేళ్ళయింది. యాభై దాటిన మనిషి, పలచగా, ఎప్పుడూ పెదాల మధ్య నాలుగు గుండుసూదులతో ఉంటారు. ఆయన నోట్లోంచి మాట రావాలంటే ముందు సూదులు తియ్యాలి, అందుకని ఎవరూ ఆయన్ని పెద్దగా ఏమీ అడగరు. ఇంటి సంగతులు ఆయన చెప్పలేదు, వీళ్ళకి తెలియలేదు. భార్య పెద్దాసుపత్రిలో టెలిఫోన్ల దగ్గర పనిచేస్తుందని మాత్రం తెలుసు. వైరస్ మాట, ఫార్మాట్ మాట వినపడ్డాక ఆయన కత్తెర ఒక్క నిమిషం ఆగింది. మళ్ళీ కదిలింది.

చిట్టి పని మొదలుపెట్టింది. ఫోల్డర్లో దేన్నీ రెండుసార్లు నొక్కకూడదు, అది మొదటి నియమం. రెండుసార్లు నొక్కడమంటే తలుపు తీసి లోపలికి రమ్మనడమే. తన ఫోన్లో ఆ ఫోల్డరు పేరు వెతికింది. ప్రపంచంలో ఎవరూ ఆ పేరుతో బాధపడుతున్నట్టు లేదు. పేరు కొట్టేటప్పుడు మాత్రం ఆమెకి ఒకటి తట్టింది. ఎ, ఎస్, డి మూడూ కీబోర్డు మీద పక్కపక్కనే ఉన్నాయి. వేలు ఎత్తకుండా కొట్టేయొచ్చు.

తర్వాత కంప్యూటర్లో ఆ క్షణాన ఏమేం నడుస్తున్నాయో చూపే జాబితా తెరిచింది. ఒక్కొక్క పేరూ కాగితం మీద రాసుకుని, తెలియనివాటిని ఫోన్లో వెతికింది. కంప్యూటరు వెయ్యగానే తమంతట తాము లేచేవాటి జాబితా కూడా చూసింది. ఆ ఫోల్డర్లోంచి లేచినది ఒక్కటీ లేదు. వదిన మధ్యమధ్యలో వచ్చి తొంగిచూసి, ఏమన్నా దొరికిందా అని అడిగి, కొలతలకి వచ్చినవాళ్ళ కోసం మళ్ళీ ముందుగదిలోకి పరిగెడుతోంది.

పదిన్నరకి చిట్టి ఫోల్డరు మీద యాంటీవైరస్‌ని నడిపింది. అది నిన్ననే కొత్త సరుకు నింపుకుని తాజాగా ఉంది. నలభై ఒక్క ఫైళ్ళనీ అర నిమిషంలో చదివేసి, ప్రమాదమేమీ లేదంది.

వదినకి ఆనలేదు. "కాపలావాడికి కనపడలేదంటే దొంగ రాలేదని కాదుగా," అంది.

సరే, కంప్యూటరు మొత్తం వెతికిద్దామంది చిట్టి. అది గంట పట్టే పని. ఆ గంటలో మధ్యగదిలో ఒక వింత జరిగింది. కుట్టుమిషను మీద ఉన్నావిడ ఒక చొక్కా ముక్కలు పట్టుకొచ్చి వదినకి చూపించింది. రెండు చేతులూ ఎడమచేతులే. మాస్టారు మూడేళ్ళలో దారం మందం కూడా తప్పు కత్తిరించిన మనిషి కాదు. వదిన అడగబోతే ఆయన సూదులు తియ్యకుండానే తల వంచుకుని ఇంకో గుడ్డ పరిచారు. ఒంట్లో బాగోలేదేమోనని వదిన ఫ్యాను ఆయనవైపు తిప్పింది.

పదకొండున్నరకి యాంటీవైరస్ కూతపెట్టింది. వదిన పరుగున వచ్చింది. దొరికింది, నిజంగానే ఒకటి దొరికింది. అయితే అది ఆ ఫోల్డర్లో కాదు. 'మీ కంప్యూటర్ని మూడింతలు వేగంగా నడిపించే ఉచిత ప్రోగ్రాం' అట. కిందటి నెల ఒక మధ్యాహ్నం దించుకున్నారు. కంప్యూటరు ఈమధ్య నత్తలా ఎందుకు నడుస్తోందో, డిజైను మధ్యలో బూట్ల ప్రకటనలు ఎందుకు ఎగిరొస్తున్నాయో చిట్టికి అప్పుడు అర్థమైంది. అది దించిన రోజు తను పళ్ళ డాక్టరు దగ్గర ఉన్నట్టు కూడా గుర్తొచ్చింది. ఆమె వదినవైపు చూసింది.

వదిన తెర మీద అతికించిన కాగితం అంచు సరిచేసింది. "నెమ్మదిగా ఉందని నువ్వే అన్నావుగా. సాయంగా ఉంటుందని..." అని, ముందుగదిలో ఎవరో పిలిచినట్టు వెళ్ళిపోయింది. ముందుగదిలో ఎవరూ లేరు.

చిట్టి నవ్వుకుని దాన్ని తీసిపారేసింది. తర్వాత మళ్ళీ ఆ ఫోల్డరు దగ్గరికి వచ్చింది. ఈసారి పేర్ల జోలికి పోకుండా, ప్రతి ఫైలు పక్కనా ఉన్న తారీఖు, సమయం చదవసాగింది. ఒకటీ పదమూడు. ఒకటీ ఇరవై. ఒకటీ ముప్ఫై ఎనిమిది. ఒకటీ నలభై ఏడు. నలభై ఒక్కటీ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, రెండు కాకముందు పుట్టినవే. కేలండరు గోడ మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుని తారీఖులు గుర్తుపెట్టింది. రెండు నెలలుగా వారానికి నాలుగైదు రోజులు వస్తున్నాయి, ఆదివారం మాత్రం ఒక్కటీ లేదు.

వదినని పిలిచి కేలండరు చూపించింది. "వైరస్ భోజనాలవేళ లేస్తుందా వదినా? పోనీ లేస్తుందనుకుందాం, ఆదివారం సెలవు తీసుకుంటుందా?"

వదిన వేలు పెట్టి ఆదివారాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంది. అంటే మనిషే, అంది చివరికి. మనిషంటే వైరస్ కంటే భయం వేసినట్టుంది ఆమెకి, గొంతు తగ్గించేసింది. భోజనాలవేళ వదినా చిట్టీ మేడ మీదికి వెళ్తారు. కుట్టే ఆడవాళ్ళిద్దరూ ఎదురుగా పార్కులో కూర్చుంటారు. షాపులో డబ్బా విప్పుకుని తినేది ఒక్క మాస్టారే. ఇద్దరికీ ఒకేసారి తట్టింది, ఒకేసారి తల అడ్డంగా ఊపారు. మాస్టారు ఫోన్లో సందేశం వస్తే చదవడానికి వదిన దగ్గరికి పట్టుకొస్తారు. ఆయన కంప్యూటరు ముందు కూర్చోవడమంటే చేప చెట్టెక్కినట్టే.

కాని చిట్టి కేలండరు వదల్లేదు. నడుమ వరసగా రెండు రోజులు ఖాళీగా ఉన్నాయి, సోమ, మంగళ వారాలు. అవి మాస్టారు సెలవు పెట్టిన రోజులు. బుగ్గ వాచిపోయి, ఆ వారం బుధవారం నాడు సూదులు నోట్లో పెట్టుకోలేక చొక్కాకి గుచ్చుకుని పనిచేశారు. అది ఆమెకి బాగా గుర్తు. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. కొన్నాళ్ళుగా తను భోజనం చేసి వచ్చేసరికి ఎంబ్రాయిడరీ మిషను మొదటి సూదిలో తెల్లదారం ఉంటోంది. తనే ఎక్కించి మరిచిపోయాననుకుని ప్రతిసారీ తనని తానే తిట్టుకుంటోంది.

చిట్టి ఫోన్లో ఇ-ఎక్స్-పి అంటే ఏమిటో వెతికింది. ఈ పని పొద్దున్నే చేసి ఉండాల్సింది, ఆ ఎక్స్‌ని చూసిన కంగారులో తట్టలేదు. అది ఎంబ్రాయిడరీ మిషన్లు చదివే ఫైళ్ళలోనే ఒక రకమట. వీళ్ళ మిషను కూడా చదువుతుందిగాని, చిట్టి ఎప్పుడూ వేరే రకంలో దాస్తుంది కనుక ఆ మూడక్షరాలు ఆమె ఎన్నడూ చూడలేదు. డిజైన్లు గీసే ప్రోగ్రాంలోంచి, జాగ్రత్తగా, ఒక ఫైలు తెరిచింది.

తెర మధ్య నిలువుగా ఒక గీత వచ్చింది. అంతే. ఇంకోటి తెరిస్తే రెండు చుక్కలు. ఇంకోదాంట్లో మూడు చుక్కలు, ఇంకోదాంట్లో చిన్న గుండ్రం, తర్వాత చిన్న చదరం. గోరంత గోరంత బొమ్మలు. పువ్వు లేదు, పక్షి లేదు. వదిన భుజం మీంచి చూసి, ఇవేమైనా రహస్య సంకేతాలేమోనంది. చిట్టి తెల్లగుడ్డ ముక్క మిషన్లో బిగించి ఒకటి కుట్టించింది. నిమిషంలో పనైపోయింది. తెల్లగుడ్డ మీద తెల్లదారంతో రెండు చుక్కలు. కనపడీ కనపడకుండా ఉన్నాయి. అందం కోసమైతే తెలుపు మీద తెలుపెవరు కుడతారు?

ఒంటిగంట అయింది. ఆ రోజు మాస్టారు డబ్బా విప్పలేదు. వీధిలోకి వెళ్ళి, గోడవైపు తిరిగి ఫోన్లో మాట్లాడుతుంటే అద్దంలోంచి వీళ్ళకి కనిపించింది. సూదులు చొక్కాకి గుచ్చి ఉన్నాయి, చెయ్యి గాలిలో ఏదో సర్దిచెబుతోంది. మూడేళ్ళలో ఆయన అంతసేపు మాట్లాడటం వాళ్ళు చూడలేదు. లోపలికి వచ్చాక అడుగుదామంటే వదినకి నోరు రాలేదు. ఎదుటివాడి తప్పు మనకి తెలిసిపోయినప్పుడు, తెలిసిందని చెప్పడం ఎంత కష్టమో ఆమెకి ఆ పూట తెలిసింది. సాయంత్రం దాకా చూద్దామంది.

రెండున్నరకి ముందుగది తలుపు తీసుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. చేతిలో తెల్లటి కర్ర. నిటారుగా, వచ్చిన పనేమిటో తెలిసిన మనిషిలా నడుస్తోంది. ఆవపువ్వు రంగు చొక్కా, ముదురునీలం స్కర్టు, మెడలో కాఫీరంగు స్కార్ఫు. కర్ర కొసతో కుర్చీని, అద్దాన్ని, వదిన చెప్పుల్ని ఒకసారి పలకరించి ఆగింది. మధ్యగదిలో మాస్టారి కత్తెర బల్ల మీద పడ్డ చప్పుడైంది.

ఆవిడ ఆ చప్పుడువైపు చెయ్యి చూపింది. "అది మా ఆయన కత్తెర. కంగారు పడితే పడేస్తారు. మీరేనా అమ్మా, షాపు మీదేనా?"

వదిన తనేనంది.

"నమస్కారం. మీ కంప్యూటర్లో వైరస్ ఉందని పొద్దుటినుంచీ వెతుకుతున్నారట కదా. అది నేనే."

వదిన కుర్చీ లాగి ఆవిడని కూర్చోబెట్టింది. తర్వాత తనకి కూడా ఒక కుర్చీ అవసరమనిపించి కూర్చుంది. చిట్టి వెనకగదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. మాస్టారు బల్ల దగ్గరే తల వంచుకుని నిలబడిపోయారు.

ఆవిడ చెప్పుకొచ్చింది. చూపు తగ్గడం మొదలై చాలాకాలమైంది, పూర్తిగా పోయి ఆరేళ్ళు. ఉద్యోగానికి అడ్డమేమీ రాలేదు, టెలిఫోన్ల దగ్గర చెవులూ నోరూ ఉంటే చాలు, ఆ రెండూ తనకి మామూలుకంటే ఎక్కువేనంది. ఇల్లు అలవాటే, దారి అలవాటే. అలవాటు కానిదల్లా పొద్దున్నే బీరువా తెరిచి, ఏవండీ ఇది ఏ రంగు అని అడగడం. చొక్కా ఏదో, దాని మీదికి స్కర్టు ఏదో తను ఎంచుకునేది జీవితమంతా. అది ఇంకొకరి చేతిలో పెట్టడం ఆవిడకి నచ్చలేదు. అందులోనూ ఈయన చేతిలో.

"ఈయన కత్తిరిస్తే వంక పెట్టలేం. కాని రంగులు కలపమంటే, అమ్మా, దేవుడే దిక్కు. ఒకరోజు ఆకుపచ్చ మీద నారింజ వేయించి పంపారు. నాకు కనపడకపోతే ఏం, నన్ను చూసేవాళ్ళకి కనపడుతుంది కదా."

మొదట గుండుసూదులు పెట్టి చూశారు, ఎరుపుకి ఒకటి, నీలానికి రెండు అని. మెడలో గుచ్చుకున్నాయి. గుండీలు కుట్టారు, ఉతుకులో ఊడాయి. ఒకరోజు షాపులో మాస్టారు బడికోటు జేబు మీద ఎంబ్రాయిడరీ తడిమి చూశారు, వేలికి గట్టిగా తగిలింది. అప్పుడొచ్చింది ఆలోచన. రంగుకో గుర్తు. తెల్లపట్టీ మీద కుట్టి, కాలరు లోపల అతికించాలి. వేలితో తడిమితే రంగు తెలియాలి. రెండు వారాలపాటు చిట్టి వెనక నిలబడి, గుడ్డ కొలుస్తున్నట్టు నటిస్తూ, ఏ మీట తర్వాత ఏ మీట నొక్కుతోందో కంఠతా పట్టారు. పేరు అడిగినచోట వేలికి అందిన అక్షరాలు కొట్టారు. రకం అడిగినచోట అన్నిటికంటే పైన ఉన్నది నొక్కారు.

అంతవరకూ వింటున్న వదిన మెల్లిగా అంది, "ఒక్కమాట అడిగితే నేను కాదంటానా మాస్టారూ?"

మాస్టారు నోరు తెరిచేలోపు ఆవిడే అందుకుంది. "కాదనరని తెలుసమ్మా. ఔనంటారు. అని, అయ్యోపాపం అంటారు. వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతారు, వాళ్ళూ అయ్యోపాపం అంటారు. నేను ఈ వీధిలో నడిచినప్పుడల్లా ఆ పాపాలన్నీ మోసుకు తిరగాలి. అందుకే చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. ఇవాళ ఈయన ఫోన్ చేసి, సాయంత్రం అంతా తుడిచేస్తారట అన్నారు. మళ్ళీ నలభైసార్లు ఈయన చేత గీయించే ఓపిక నాకు లేదు. ఒట్టు తీసి గట్టున పెట్టి వచ్చాను."

వదిన ముఖం ఎర్రబడింది. తను ఔననేదని, అయ్యోపాపమనేదని, అందరికీ చెప్పేదని ఆమెకీ తెలుసు. చెప్పకపోవడమే మంచిదైందని ఒప్పుకుంది. తర్వాత తనలో నిజంగా మెదులుతున్న ప్రశ్న అడిగింది. ఉన్న రంగులెన్ని, ఫైళ్ళు నలభై ఒకటెందుకు?

ఆ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నట్టు ఆవిడ కుర్చీలో సర్దుకుంది.

"మెరూన్," అంది.

"గోధుమరంగే అది," అన్నారు మాస్టారు. ఆ రోజు షాపులో ఆయన నోట వచ్చిన మొదటిమాట అది.

నలభై ఒకటిలో పంతొమ్మిది మెరూన్‌వే. ఆవిడ లెక్కలో మెరూన్ ఎరుపుకి చెల్లెలు, కనుక ఎరుపు గీత దాంట్లో ఉండి తీరాలి. మాస్టారి లెక్కలో అది గోధుమరంగుకి కొంచెం జ్వరం వస్తే అయ్యేది, గోధుమరంగు గుండ్రమే దానికీ చాలు. రాజీపడి గుండ్రంలో గీత పెడితే, గోరంత చోట్లో దారం అంతా ముద్దయి, వేలికి ఒట్టి బొడిపెలా తగులుతోంది. రోజూ సాయంత్రం ఆయన కొత్తది పట్టుకెళ్ళడం, ఆవిడ తడిమి వెనక్కి పంపడం, మర్నాడు ఒంటిగంటకి ఆయన మళ్ళీ గీయడం.

ఆవిడ మెడలో స్కార్ఫు పట్టుకుని వదినవైపు చాచింది. "మీరు చెప్పండి. ఇదే రంగు?"

వదిన మాస్టారివైపు ఒకసారి జాలిగా చూసింది. కాని రంగుల విషయంలో ఆమె అబద్ధం చెప్పలేదు. "కాఫీరంగండీ. ఆ చొక్కా మీదికి మెరూన్ అయితే ఇంకా బాగుండేది."

"పొద్దున్నుంచీ నేను మెరూన్ వేసుకున్నాననుకుంటున్నాను," అంది ఆవిడ, ఒక్కొక్క మాటా విడిగా, భర్త ఉన్నవైపు తిరిగి. మాస్టారు నేల మీద ఏదో ముక్క పడిందని వంగారు. ముందు వదిన నవ్వింది, తర్వాత ఆవిడ. చిట్టి గుమ్మం పట్టుకుని నవ్వింది. వంగిన మాస్టారి భుజాలు కూడా కదులుతున్నాయి.

ఆ తర్వాత జరిగిన పనంతా వెనకగదిలో జరిగింది. చిట్టి ఆవిడని మిషను పక్కన కూర్చోబెట్టి, ఆవిడ సంచీలో తెచ్చిన పాత పట్టీలన్నీ ఒక్కొక్కటీ తడిమి చెప్పమంది. వదిన కూడా గుడ్డముక్కతో కళ్ళు కట్టుకుని పందెంలో దిగింది. నిలువుగీత ఎరుపని సులువుగానే చెప్పింది. రెండు చుక్కల్ని మూడంది, నలుపుని గోధుమంది, ఏ కుట్టూ లేని ఉత్తపట్టీని చాలాసేపు తడిమి, దీంట్లో ఏదో ఉందంది. అది తెలుపు, దాంట్లో ఏమీ ఉండదని ఆవిడ చెప్పింది. వేళ్ళకి చదువు రావడానికి ఏడాది పడుతుందిలెమ్మని ఓదార్చింది కూడా.

చిట్టికి లోపం త్వరగానే తెలిసింది. మాస్టారు బొమ్మ గీశారేగాని, దారం మందం లెక్కలోకి తీసుకోలేదు. వేలు రెండు కుట్లని విడివిడిగా గుర్తుపట్టాలంటే వాటి మధ్య కనీసం బియ్యపుగింజంత ఖాళీ ఉండాలి. గుండ్రాన్ని తీసేసింది. ఎరుపు గీతని అలాగే ఉంచి, దాని పక్కన కొంచెం ఎడంగా పొట్టిగీత ఒకటి పెట్టింది. అడుగున దారం రెండు వరసలు వేసి పైకి ఉబ్బేలా చేసింది. అక్కకి చెల్లెలు చెయ్యి పట్టుకున్నట్టుంది. మిషను రెండు నిమిషాలు టకటకలాడింది. చిట్టి పట్టీ కత్తిరించి ఆవిడ చేతిలో పెట్టింది.

ఆవిడ బొటనవేలితో ఒకసారి రాసింది. చూపుడువేలితో ఇంకోసారి రాసింది.  మాస్టారు ఆ వేలివైపే వంగి చూస్తున్నారు.

"ఇదమ్మా మెరూన్ అంటే," అంది ఆవిడ. "రెండు నెలలు ఈయనతో కొట్టుకునే బదులు మొదటే నీ దగ్గరికి వచ్చి ఉండాల్సింది."

డాక్టరు నాలుగు గంటలకి కాక ఐదింటికి వచ్చాడు. గుమ్మంలోంచే, పరిస్థితి విషమంగా ఉందన్నారు కదా, అని మొదలుపెట్టాడు. వెనకగదిలో కూర్చున్న ఆవిడ తల పైకెత్తి, ఈ గొంతు తనకి తెలుసంది. సోమవారం నాలుగింటికి వస్తానని, మంగళవారం నాలుగింటికి వస్తానని ఆసుపత్రికి ఫోన్లు చేసింది ఈయనే, మందుల గదిలో ప్రింటరు ఇంకా అలాగే ఉందని చెప్పింది. డాక్టరు నల్లసంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. రేపు పొద్దున్నే వెళ్తానన్నాడు. పొద్దున్నంటే ఎన్నింటికని ఆవిడ అడిగింది. తొమ్మిదన్నాడు. తను తొమ్మిదికి సీట్లో ఉంటానని, వచ్చిన అలికిడి వింటానని ఆవిడ భరోసా ఇచ్చింది.

అయినా మనిషి మంచివాడు. వచ్చినందుకు కంప్యూటరంతా ఒకసారి పరీక్ష చేశాడు, చిట్టి రాసుకున్న కాగితం చదివాడు, ఆమె తీసిపారేసిన ప్రోగ్రాం తాలూకు ఇంకో రెండు తోకలు కూడా వెతికి కత్తిరించాడు. ఫార్మాట్ అవసరం లేదని ఒప్పుకునేటప్పుడు మాత్రం గొంతులో కొంచెం దిగులు వినిపించింది. ఆ వేగం పెంచే ప్రోగ్రాం ఎవరు దించారని అడిగాడు. చిట్టి తెలియదంది. వదిన ఆమె భుజం మీద చెయ్యి వేసి ఒకసారి నొక్కింది.

బడికోట్లు శుక్రవారానికి అందాయి. కంప్యూటర్లో మాస్టారికి విడిగా ఒక తలుపు తీసింది చిట్టి. ఆయన పేరు, ఆయన తాళం, ఆయన ఫోల్డరు. ఫోల్డరుకి రంగులు అని పేరు పెట్టి, ఫైళ్ళకి కూడా మనుషులు చదవగలిగే పేర్లు పెట్టడం నేర్పించింది. రోజూ భోజనాలయ్యాక ఓ పది నిమిషాలు పాఠం. మాస్టారు సూదులు తీసి పక్కన పెట్టి కూర్చుంటారు, పాఠమైనంతసేపూ మాట్లాడతారు కూడా. మాటలు వస్తున్నకొద్దీ తెలిసింది, ఆయన మంచి చమత్కారి అని.

వదిన ఎవరికీ చెప్పలేదు. నాలుక చివరిదాకా వచ్చిన ప్రతిసారీ మింగేసింది, అది ఆమె జీవితంలో పెద్ద విజయం. చెప్పింది మాస్టారి భార్యే. ఆసుపత్రిలో ఎక్స్‌రే గదిలో పనిచేసే ఒకామెకి తండ్రి ఉన్నాడు, ఆయనకి చూపు లేదు, చొక్కాలంటే ప్రాణం. సంగీతం నేర్పే ఒకాయన ఉన్నాడు. కళాశాలలో చరిత్ర చదువుతున్న ఒకమ్మాయి ఉంది. చూపు లేని ఈ ముగ్గురినీ వెంటబెట్టుకుని ఒక శనివారం మధ్యాహ్నం ఆవిడ షాపుకి వచ్చింది. వదిన కుర్చీలు చాలక కత్తిరింపు బల్ల మీద కూడా గుడ్డ పరిచి కూర్చోబెట్టింది. చిట్టి పట్టీలన్నీ పంచిపెట్టింది.

ఐదు నిమిషాల్లో గొడవ మొదలైంది. సంగీతం ఆయన, ఎరుపంటే నిలువుగీత ఏమిటి, వేలికి గరగరమనాలి, రంపపు పళ్ళలా ఉండాలన్నాడు. చరిత్ర అమ్మాయి తను పుట్టినప్పటినుంచీ ఏ రంగూ చూడలేదని, కాబట్టి ఎరుపు ఎలా ఉండాలో తను చెబితేనే పక్షపాతం లేకుండా ఉంటుందని వాదించింది. పెద్దాయన తనకి చిలకపచ్చ, ఆకుపచ్చ వేరువేరుగా ఉండాల్సిందేనన్నాడు. మాస్టారు రెండూ పచ్చే కదా అనబోయి, భార్య దగ్గినట్టు వినపడి ఊరుకున్నారు. వదినకి ఇక ఆగలేదు. రంగుల పుస్తకం తెచ్చి, పచ్చల్లో ఎన్ని పచ్చలున్నాయో ఒక్కొక్కటీ పేరుపెట్టి చదవడం మొదలుపెట్టింది. ఎవరూ అయ్యోపాపం అనలేదు. అనడానికి సందు లేదు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. చిట్టి వెనకగదిలోకి వెళ్ళి, కంప్యూటరు వేసి, రంపపు పళ్ళ ఎరుపు ఒకటి గీసి చూద్దామని కూర్చుంది.